మీకు తెలుసా? పుట్టిన ఊరికి వచ్చేవాళ్లూ ప్రయాణికులే

సంక్రాంతికో, వేసవి సెలవులకో, గంగ జాతరకో మన తిరుపతి, చిత్తూరు జిల్లాల ఊళ్లకు విదేశాల నుంచి బిడ్డలొస్తారు. డల్లాస్ నుంచి కొందరు, సిడ్నీ నుంచి కొందరు, కువైట్ నుంచి మరికొందరు. విమానం టికెట్లు నెలల ముందే కొంటారు. ఎవరికి ఏం తేవాలో జాబితా రాసుకుంటారు. శ్రీవారి దర్శనం టికెట్ల కోసం ఫోను పట్టుకుని కూర్చుంటారు. డాక్టరు దగ్గరికి మాత్రం పోరు. "మనూరికి మనం పోతూ డాక్టరెందుకు?" అంటారు. ఆ మాటలో ఉన్న ఆపేక్ష నిజమే. అదే మాట ఏటా కొందరిని ఆస్పత్రి పాలు చేస్తోందన్నదీ నిజమే. ఈ వారం సంగతులన్నీ వాళ్లకోసం, వాళ్ల రాక కోసం ఇక్కడ ఎదురుచూసే అవ్వాతాతల కోసం.

అమెరికాలో టైఫాయిడ్ ఎవరికొస్తుంది?

అమెరికాలో, బ్రిటన్‌లో టైఫాయిడ్ అరుదు. అక్కడ బయటపడే కేసుల్లో చాలాభాగం విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లవే. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లొచ్చింది భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లకు. తాజ్‌మహల్ చూడ్డానికి వచ్చిన తెల్లవాళ్లకంటే, అయినవాళ్లను చూడ్డానికి వచ్చిన మనవాళ్లే దీని బారిన ఎక్కువ పడతారు. ప్రయాణాల వైద్యంలో ఇలా వచ్చేవాళ్లకు వేరే పేరే ఉంది, వీఎఫ్‌ఆర్ ప్రయాణికులని. బంధుమిత్రుల్ని చూడవచ్చేవాళ్లు అని దానర్థం.

ఎందుకిలా? పర్యాటకుడు వచ్చేముందు టీకాలు వేయించుకుంటాడు, పది రోజులు హోటల్లో ఉంటాడు, సీలున్న బాటిల్ నీళ్లే తాగుతాడు. మనవాళ్లు నెలా రెండు నెలలు ఉంటారు. పెళ్లి పందిట్లో స్టీలు గ్లాసులో పోసిన నీళ్లు తాగుతారు. మేనత్త చెంబు నిండా ఇచ్చిన మజ్జిగ వద్దంటే ఆమె మనసు నొచ్చుకుంటుంది. ఆ మజ్జిగలో కలిపిన నీళ్లు బోరువా, క్యాన్‌వా అని ఎవరడుగుతారు?

అమెరికాలో వేసే టైఫాయిడ్ ఇంజెక్షన్ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి. దాని బలం రెండేళ్లే. పోయిన సంక్రాంతికి ముందటి సంక్రాంతికి వేయించుకున్నది ఈ సంక్రాంతికి పనికిరాకపోవచ్చు. పైగా అది రెండేళ్లు నిండినవాళ్లకే. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ఆరు నెలల పసివాళ్లకూ వేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివర్లో ముందస్తు అర్హత ఇచ్చిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అదే. ఇక్కడికి వచ్చాక వేయించినా మంచిదే కానీ అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని మరవొద్దు. ఒకసారి టైఫాయిడ్ వచ్చిపోయినవాళ్లకు మళ్లీ రాదన్న నమ్మకం కూడా తప్పు.

చిన్నప్పటి నిరోధక శక్తికి గడువుంటుంది

"ఈ నీళ్లు తాగే కదా పెరిగాం" అనడం మనందరికీ అలవాటు. ఆ మాట కొన్ని రోగాల విషయంలో చెల్లుతుంది. చాలా రోగాల విషయంలో చెల్లదు. మలేరియానే చూడండి. మలేరియా ఉన్న చోట పెరిగినవాళ్ల ఒంట్లో ఏర్పడే కొద్దిపాటి తట్టుకునే శక్తి, ఆ దోమలకు దూరమైన కొన్నేళ్లకే కరిగిపోతుంది. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఇప్పుడు మన వైపు మలేరియా బాగా తగ్గింది. ఊరికొచ్చిన సంబరంలో అరకు, పాడేరు ఏజెన్సీ కూడా చుట్టి వద్దామనుకుంటే మాత్రం మలేరియా మాత్రల గురించి విమానం ఎక్కకముందే మీ డాక్టరును అడగాలి. ఆ మాత్రలు ఊరు చేరకముందే మొదలుపెట్టి, తిరిగి వెళ్లాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి.

హెపటైటిస్ ఎ విషయంలో వింత ఇంకోటి. పుంగనూరులోనో, నగరిలోనో పెరిగిన నాన్నకు అది చిన్నప్పుడే తెలియకుండా వచ్చిపోయి ఉండొచ్చు, జీవితాంతం రక్షణ ఇచ్చి ఉండొచ్చు. చికాగోలో పుట్టిన కొడుక్కు ఆ రక్షణ లేదు. ఒకే చెరకు రసం బండి దగ్గర ఇద్దరూ ఒకే ఐసు వేసిన రసం తాగితే కామెర్లు వచ్చేది కొడుక్కే.

ఏడాది నిండని పాపకూ రెండు టీకాలు ముందుకు జరుగుతాయి

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), హెపటైటిస్ ఎ టీకాలు అమెరికాలో మామూలుగా ఏడాది నిండాకే మొదలవుతాయి. విదేశీ ప్రయాణం ఉంటే ఆరు నెలలు నిండిన పసివాళ్లకు ఈ రెండూ ఒక్కో డోసు ముందే వేయాలని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. ఇది అదనపు డోసు. ఏడాది నిండాక వేయాల్సినవి మళ్లీ వేయించాల్సిందే. మనవరాలిని తొలిసారి ఎత్తుకోవాలని ఇక్కడ అవ్వ ఎదురుచూస్తుంటుంది కాబట్టి ఆరేడు నెలల పాపలతోనే చాలామంది వస్తారు. ఈ సంగతి వాళ్లలో ఎక్కువమందికి ఎవరూ చెప్పరు. పిల్లల డాక్టరును కలిసినప్పుడు "ఇండియా వెళ్తున్నాం" అన్న ఒక్క మాట చెబితే చాలు, ఆయనే చూసుకుంటారు.

పుట్టు వెంట్రుకలకు కొత్త బ్లేడు

పిల్లల పుట్టు వెంట్రుకలు తీయించడానికే ప్రత్యేకంగా వచ్చే కుటుంబాలున్నాయి. కొందరు తిరుమల కల్యాణకట్టకు పోతారు. కొందరు ఇంటి దేవర గుడి దగ్గర, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయిస్తారు. హెపటైటిస్ బి రక్తం ద్వారా సోకుతుంది. కంటికి కనపడనంత తక్కువ రక్తం చాలు. బ్లేడు మీద ఎండిపోయిన రక్తంలో కూడా ఆ వైరస్ వారం రోజులదాకా బతకగలదు. ఒకరి తల గొరిగిన బ్లేడు ఇంకొకరి తలకు తగలకూడదని పట్టుబట్టేది అందుకే. మంగలి అన్న బ్లేడు కాగితం విప్పుతుంటే దగ్గర నిలబడి చూడండి. కత్తిలో ముందే బ్లేడు బిగించి ఉంటే తీసి కొత్తది వేయమనండి. దీనికి ఎవరూ తప్పుబట్టరు. చెవులు కుట్టించేటప్పుడూ ఇంతే, సూది కొత్తదై ఉండాలి.

అమెరికాలో పుట్టిన పిల్లలకు హెపటైటిస్ బి టీకా చాలావరకు పడే ఉంటుంది. పెద్దవాళ్ల సంగతి అనుమానమే. మన దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో తొలిసారి తయారైన టీకా ఇదే. హైదరాబాద్ శాంతా బయోటెక్ 1997లో దాన్ని తెచ్చాకే ధర దిగొచ్చి మామూలు ఇళ్లకు అందింది. అంతకుముందే పెరిగి పెద్దయినవాళ్లు చిన్న రక్త పరీక్ష చేయించుకుని, అవసరమైతే టీకా వేయించుకోవడం మేలు.

టైలెనాల్, డోలో ఒకటే మందు

అమెరికా నుంచి తెచ్చుకున్న టైలెనాల్‌లో ఉండేది ఎసిటమినోఫెన్. మన మందుల షాపులో ఇచ్చే డోలోలో ఉండేది పారాసిటమాల్. రెండూ ఒకే మందు. జ్వరమని పొద్దున ఒకటి, "ఇది పనిచేయలేదు" అని మధ్యాహ్నం ఇంకోటి, జలుబుకని రాత్రికి మరో బిళ్ల వేసుకుంటే, జలుబు బిళ్లల్లోనూ చాలావాటిలో ఇదే ఉంటుంది కాబట్టి కాలేయం మీద మూడింతల భారం పడుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల బిళ్లలైతే ఆరింటికే 3.9 గ్రాములు. స్ట్రిప్ వెనక సన్నక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి, కంపెనీ పేరు కాదు. ఆస్తమావాళ్లు అక్కడ అల్బ్యూటరాల్ అంటారు, ఇక్కడ సాల్బ్యుటమాల్ అంటాం. అదీ ఒకటే.

జ్వరం బిళ్లల పేర్ల గురించి ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం డెంగీ. మనవైపు జోరు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య పడతాయి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరచిపోరు. ఆ నీళ్లు తీసిన తర్వాత కొబ్బరి చిప్పల్లో, మేడ మీద పాత టైర్లలో, కూలర్ అడుగున నిలిచే నీళ్లలో పుట్టే దోమ పగలే కుడుతుంది. రాత్రి దోమతెర వేసుకుని పడుకున్నా పగటి దోమ నుంచి కాపాడదు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోయినవాళ్లకు వేరే రకం సోకితే ఆ రెండోసారి ముదిరే ప్రమాదం ఎక్కువ. మొదటిసారి కాలేజీ రోజుల్లో, ఏదో వైరల్ జ్వరమనుకుని పడుకుని లేచి ఉంటాం. అందుకే ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే జాగ్రత్తగా ఉండాలి. జ్వరమొస్తే, అది డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. అడ్విల్, మోట్రిన్, బ్రూఫెన్, కాంబిఫ్లామ్ అన్నిటిలోనూ ఇబుప్రోఫెన్ ఉంది. గుండె కోసం డాక్టరు చెప్పి రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా మానేయకుండా ఆ డాక్టరునే అడగాలి.

బొడ్డు చుట్టూ 14 సూదులు ఇప్పుడు లేవు

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన ఇళ్లల్లో ఇప్పటికీ పిల్లల్ని భయపెడతారు. ఆ భయానికే కుక్క గీరిందన్న మాట దాచిపెట్టే పిల్లలున్నారు. ఆ సూదులు గొర్రె మెదడు నుంచి తీసిన పాత మందువి. మన దేశంలో 2004తో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, నాలుగైదు డోసులు చాలు. ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితం.

ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. విదేశాల్లో పెరిగిన పిల్లలకు కుక్కంటే ఇంట్లో మంచమెక్కి పడుకునే నేస్తం. ఇక్కడ వీధికుక్కను చూసినా అలాగే చెయ్యి చాపుతారు, పిల్లలున్న కుక్క దగ్గరికైతే ఇంకా ఆశగా పోతారు. వాళ్లకు ఊరు చేరకముందే నేర్పాల్సిన మాటలు రెండు. వీధికుక్కను ముట్టుకోకూడదు. కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వెంటనే చెప్పాలి, ఎవరూ తిట్టరు.

కరిస్తే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, మనకు మూడు నిమిషాలే పదిహేనులా అనిపిస్తుంది. కారం, సున్నం, పసుపు పూయొద్దు. నేరుగా ఆస్పత్రికి పోవాలి. రక్తం వచ్చేలా గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా గాయం చుట్టూ వేయాలి. అది అన్నిచోట్లా దొరకదు, పల్లెల్లో మరీ కష్టం. ముందే రెండు డోసుల టీకా వేయించుకుని వచ్చినవాళ్లకు ఆ అవసరమే ఉండదు, కరిచాక ఇంకో రెండు డోసులతో సరిపోతుంది. పిల్లలతో నెల పైన పల్లెలో ఉండబోయేవాళ్లు ఈ టీకా గురించి తప్పక అడగాలి. ఇది నా గట్టి మాట.

నొప్పిలేని నల్ల మచ్చ కోసం వెతకండి

స్క్రబ్ టైఫస్ అన్న జ్వరం పేరు అమెరికాలో చాలామంది డాక్టర్లు పుస్తకంలో చదివి ఉంటారే తప్ప రోగిని చూసి ఉండరు. తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సీఎంసీలో అది ఏటా చూసే జబ్బు. ఆ రెండు చోట్ల వైద్యులూ దాని మీద పరిశోధన పత్రాలు రాశారు. వానలు వెలిసి చలి మొదలయ్యే నెలల్లో, పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుట్టడంతో వస్తుంది. కంటికి సరిగా ఆనదు. మామిడి తోపులో కాసేపు కూర్చున్నా, చేను గట్టు మీద నడిచినా కుట్టొచ్చు.

కుట్టిన చోట చిన్న పుండు లేచి, మీద నల్లటి పక్కు కడుతుంది. చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో కాల్చినట్టుంటుంది. నొప్పి లేదు, దురద లేదు. అందుకే ఉన్నట్టే తెలియదు. పైగా అది దాక్కునే చోట్లు చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుం దగ్గర లంగా బొందు బిగించే చోటు. డాక్టరు చెయ్యి పట్టి చూసి పంపితే అది దొరకదు, దుస్తులు తీసి వెతకాల్సిందే. అందరికీ ఈ మచ్చ రాదు కూడా. వస్తే మాత్రం పరీక్షల కంటే ముందే జబ్బు పేరు చెప్పేస్తుంది. గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అన్న చవక మందుతో తగ్గుతుంది. గుర్తించకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడుదాకా పోతుంది. జబ్బు ముదిరినవాళ్లకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇస్తే ఒక్కదానికంటే బాగా పనిచేస్తుందని వేలూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది.

కుట్టిన పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం వస్తుంది. అప్పటికి మనిషి న్యూజెర్సీ చేరి ఉంటాడు. అక్కడి డాక్టరుకు "పల్లెలో ఉన్నాను, తోటలో తిరిగాను, స్క్రబ్ టైఫస్ ఏమైనా అవుతుందా" అని మనమే అడగాలి.

విమానం దిగిన మర్నాడే మెట్లెక్కొద్దు

అలిపిరి మెట్లు 3,550. మొక్కు ఉంటుంది, సెలవులు తక్కువ, దర్శనం టికెట్ మర్నాటికే దొరికింది. ఇరవై గంటలకు పైగా విమానాల్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని వచ్చి, నిద్ర లేకుండా, సరిగా నీళ్లు తాగకుండా మెట్లకు పోతారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా ఉంటే మొక్కు ఆగుతుంది, ముందు డాక్టరుకు చూపించండి. అరవై దాటినవాళ్లు, షుగరు, బీపీ, గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, కీళ్ల జబ్బులున్నవాళ్లు నడక దారిన రావద్దని టీటీడీయే 2024లో చెప్పింది. దారిలో 1,500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సాయం ఉంటుంది. కొండ మీద అశ్విని ఆస్పత్రి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఒక మాట. దాన్ని లగేజీలో వేయకండి, చేతి సంచిలోనే ఉంచండి. విమానం అడుగున గడ్డకట్టిందంటే పనికిరాదు. ఊళ్లో కరెంటు పోతే కొత్త మట్టికుండలో కొంచెం నీళ్లు పోసి, ఇన్సులిన్ సీసా తడవకుండా డబ్బాలో పెట్టి అందులో ఉంచడం మనవాళ్లకు తెలిసిన పద్ధతే, పనిచేస్తుంది.

ఓఆర్‌ఎస్ అని రాసి ఉన్నదంతా ఓఆర్‌ఎస్ కాదు

విరేచనాలు పట్టుకుంటే పండ్ల రసంలాంటి డబ్బా తెచ్చి ఓఆర్‌ఎస్ అని పిల్లలకు తాగించడం ఏళ్ల తరబడి జరిగింది. అందులో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పాటు దీని మీద పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట రాయకూడదని 2025 అక్టోబర్‌లో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఒక్క మనిషి పట్టుదల ఎంతమంది పసివాళ్లను కాపాడుతుందో తలచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. మీరు కొనాల్సింది పొడి ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ సుమారు 20.5 గ్రాములు ఉంటుంది, లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు వేసి తాగడం కాదు.

కారులో నిద్రపోయే పిల్లలు

విదేశీ ప్రయాణాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ప్రాణాలు తీసేవాటిలో రోడ్డు ప్రమాదాలది ముందు వరస. చెన్నైలో అర్ధరాత్రి దిగి, నగరి, పుత్తూరు మీదుగా మూడు నాలుగు గంటలు కారులో వస్తారు. అక్కడ బేబీ సీటు లేనిదే ఆస్పత్రి నుంచి పసిబిడ్డను ఇంటికి కూడా తీసుకుపోనివాళ్లు, ఇక్కడ అదే బిడ్డను ముందు సీటులో ఒడిలో పెట్టుకుంటారు. ఆ సీటు వెంట తెచ్చుకోండి. రాత్రికి చెన్నైలోనే ఉండి, తెల్లారాక బయల్దేరితే ఇంకా మంచిది.

ఆఫ్రికా నుంచి వచ్చేవాళ్లకు పసుపు కార్డు

కెన్యా, నైజీరియా, ఉగాండా లాంటి ఎల్లో ఫీవర్ దేశాల్లో పనిచేసే మన ఇంజినీర్లు టీకా కార్డు లేకుండా ఇక్కడ దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతోంది.

మీ భుజం మీది మచ్చకూ మదనపల్లెకూ ఉన్న చుట్టరికం

మన దేశంలో బీసీజీ టీకా వేయడం మొదలైంది 1948 ఆగస్టులో, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో. ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం కట్టిన శానటోరియానికి అప్పటికే దేశమంతా పేరుండేది. రోగులు దూర ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లు. ఆ శానటోరియం వైద్యులు చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి బీసీజీ ఎంతవరకు కాపాడుతుందో రాసిపెట్టారు. మన భుజం మీద చిన్న గుంట ఉందంటే ఆ కథ అక్కడ మొదలైందన్న మాట.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఆ గుంటతో ఒక చిక్కొస్తుంది. ఉద్యోగంలోనో, కాలేజీలోనో క్షయ పరీక్ష చేయాలని చర్మంలోకి చిన్న ఇంజెక్షన్ చేస్తే, క్షయ లేకపోయినా బీసీజీ వల్ల ఆ చోటు ఉబ్బొచ్చు. నెలల తరబడి మందులు వాడమంటారు. ఐజీఆర్‌ఏ అన్న రక్త పరీక్షకు బీసీజీతో పని లేదు, అది అడగండి. బీసీజీ వేయించుకున్నాం కాబట్టి క్షయ రాదనుకోవద్దు. పెద్దవాళ్లలో దాని రక్షణ అంతంతే. ప్రపంచ క్షయ రోగుల్లో సుమారు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. ఊళ్లో తాత దగ్గుతూ ఉన్నారని తెలిస్తే, మీరొచ్చేలోపే ప్రభుత్వాస్పత్రిలో కఫం పరీక్ష చేయించమని ఇంట్లో వాళ్లకు చెప్పండి. అది తాతకూ మంచిది. దగ్గే మనిషి ఉన్న ఇంట్లో వారాల తరబడి గడిపి వెళ్తే, తిరిగి చేరిన ఎనిమిది నుంచి పది వారాలకు ఆ రక్త పరీక్ష చేయించుకోవాలి.

తిరుగు ప్రయాణంలో అమ్మ కట్టిచ్చే మూట

కువైట్, దుబాయ్, సౌదీ వెళ్లేవాళ్లు సరంజామా సర్దేటప్పుడు మందుల డబ్బా ఒకసారి విప్పి చూసుకోవాలి. వెన్నునొప్పికి ఇక్కడి డాక్టరు రాసిన ట్రమడాల్, దగ్గుకు వాడిన కోడిన్ సిరప్ అక్కడ మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. యూఏఈకి అలాంటివి తీసుకుపోవాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తెచ్చుకోవాలి. డాక్టరు చీటీ ఒక్కటే చాలదు. మందులన్నీ అసలు స్ట్రిప్పుల్లోనే ఉంచండి, చిన్న డబ్బాలోకి విడి బిళ్లలుగా మార్చొద్దు. మసాలా పొడి కూడా అడిగి తీసుకోండి. అందులో గసగసాలు పడ్డాయేమో తెలుసుకోవాలి. యూఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో గసగసాలు నిషేధం. విమానాశ్రయంలో పట్టుబడితే కేసవుతుంది. ధనియాలు, మిరియాలు, చెక్కా లవంగాలతో కొట్టిన పొడికి ఏ ఇబ్బందీ లేదు.